కర్ర ఒకటి, తిరిగి ఇవ్వవలెను

మా జిల్లాలో వికలాంగుల సర్టిఫికెట్ల సీటులో కూర్చున్న గుమాస్తాకు మొదటి ఏడాదిలోనే ఒక జబ్బు చేస్తుంది. వంగిన నడుము కంటికి కనబడడం మానేస్తుంది. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన ఊళ్లు మావి. బస్టాండులో, అంగడిలో, పెండ్లి పందిట్లో ఎటు చూసినా బిగుసుకుపోయిన మెడలు, వంకర తిరిగిన కాళ్లు. చూసి చూసి ఇదంతా మామూలే అనిపించడం మొదలవుతుంది. ఆ సీటులోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి రూల్సు అడుగుతుంటారు. నాయనా, రూల్సు నాకంటే మీకే బాగా తెలుసు, అవన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. నేను కొత్తగా చెప్పగలిగింది నా తప్పు ఒక్కటే. అది కంప్యూటర్లో లేదు.

తెలంగాణ వచ్చిన తర్వాతి మాట. నల్గొండ జిల్లాలో ఒక ఏరియా ఆసుపత్రిలో నేను సీనియర్ అసిస్టెంటును. నెలకు రెండుసార్లు మా దగ్గర సదరం క్యాంపు జరిగేది. వికలాంగుల పింఛను కావాలన్నవాళ్లను డాక్టరు పరీక్షించి, వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే క్యాంపు అది. నలభై శాతం వస్తే పింఛను, బస్సు పాసు. ముప్పై తొమ్మిది వస్తే ఇంటికి. ఆ ఒక్క శాతంలో మనిషికి ఏం తగ్గుతుందో, ఏం పెరుగుతుందో నాకు సర్వీసంతా అర్థం కాలేదు.

ఎముకల డాక్టరు పాలమూరు వైపు నుంచి వచ్చిన ఆవిడ. నలభై ఏళ్లు ఉంటాయేమో. కోపం ముక్కు మీదే ఉండేది. క్యాంపు రోజున ఆవిడ బల్ల మీద పెట్టిన చాయ్ పొద్దున్నించి సాయంత్రం దాకా అట్లాగే మీగడ కట్టి ఉండేది. "డాక్టరమ్మ తిడుతది గని చెయ్యి మంచిది" అని ఊళ్లల్లో చెప్పుకునేవాళ్లు. మా స్టాఫ్ మాత్రం ఆవిడ కారు శబ్దం వినబడితే చొక్కా గుండీలు సర్దుకునేది. నేనూ సర్దుకునేవాణ్ణి.

ఇక నా గొప్పతనం చెప్పాలి. ఒక క్యాంపులో వరండా కిక్కిరిసి ఉన్నప్పుడు ఎవరిదో కర్ర తట్టుకుని ఒక ముసలమ్మ పడిపోయింది. దెబ్బేమీ తగల్లేదు కానీ గోల గోల అయింది. ఆ తర్వాతి క్యాంపు నుంచి నేను ఒక పద్ధతి పెట్టాను: కర్రలన్నీ గుమ్మం బయట గోడకు ఆనించి లోపలికి రావాలి. పెద్ద డాక్టరుగారు వచ్చి చూసి, వరండా ఎంత విశాలంగా ఉందో అని మెచ్చుకున్నారు. వికలాంగుల క్యాంపులో కర్రలు బయట పెట్టించిన ఘనుణ్ణి నేను. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు, నాకూ రాలేదు.

డాక్టరు దగ్గరికి పంపే ముందు ఒక కాగితం నింపడం నా పని. పేరు, ఊరు, పని, ఏం మందులు వాడారు, నడవడానికి ఏదైనా ఆసరా వాడతారా. రోజుకు వందమందైనా వచ్చేవాళ్లు. తలెత్తకుండా రాయడం నాకు బాగా వచ్చు.

అట్లాంటి ఒక క్యాంపుకు కేతేపల్లి వైపు ఊరి నుంచి గొర్రెల కాపరి ఒకాయన వచ్చాడు. యాభై అయిదు దాటి ఉంటాయి. భుజం మీద మడత పెట్టిన గొంగడి. నా బల్ల దాకా గోడ పట్టుకుని వచ్చాడు.

"ఏం పని చేస్తవు?"

"జీవాలు గాస్త సారు."

"నడవడానికి కర్ర వాడతవా?"

"గొర్లు గాసెటోనికి కర్ర లేకుంటె ఎట్ల సారూ?"

నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆ గడిలో "కర్ర – వృత్తి నిమిత్తం" అని రాశాను. మంచి మాట దొరికిందని లోపల కాస్త మురిసిపోయాను కూడా.

డాక్టరమ్మ ఆయన్ను నడిచి చూపించమంది. ఆయన తలకు చుట్టిన తువ్వాలు తీసి నడుముకు కట్టుకుని, పెద్దమనుషుల ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు. పళ్లు బిగబట్టాడు. మాకు అది చిరునవ్వులాగా కనబడింది. గోడ దాకా వెళ్లి తిరిగి వచ్చాడు.

"ఎంత దూరం నడుస్తవు పెద్దయ్యా?"

"పొద్దుగాల మంద ఎంట పోత, పొద్దుమీకి వస్త మేడమ్. నాకేం ఫికర్ లేదు."

పింఛను కోసం వచ్చినవాడు ఫికర్ లేదనడం ఏమిటని మాకు తట్టాలి. తట్టలేదు. బయట ఇంకా సగం మంది మిగిలి ఉన్నారు. ఆవిడ పాత ఎక్స్‌రే చూసింది, నా కాగితం చూసింది, ముప్పై అయిదు అని రాసింది.

ఆయన బయటికి పోయాక నేను తలుపులోంచి చూశాను. గోడకు ఆనించి ఉన్న కర్రల్లోంచి తన కర్ర తీసుకుని, రెండు చేతులతో దాని మీద వేలాడినట్టు వంగి, చాలాసేపు కదలకుండా ఉన్నాడు. చూశాను. కానీ ఆయన కాగితం అప్పటికే నా బల్ల దాటిపోయింది. తర్వాతి పేరు పిలిచాను.

కొన్ని నెలలు గడిచాయి. మండలంలో పింఛన్ల మీద సామాజిక తనిఖీ వచ్చింది. తెలియనివాళ్లకు చెబుతున్నాను. చదువుకున్న యువకులు కొందరు ఇల్లిల్లూ తిరిగి, ఎవరికి రావాల్సింది రాలేదో, ఎవరికి రాకూడనిది వస్తోందో రాసుకుంటారు. ఆఖరి రోజు మండల ఆఫీసు ముందు టెంటు వేసి, ఊళ్లవాళ్లందరి ఎదుట, ఆఫీసర్ల మొహం మీదే చదువుతారు. ఆ టెంటు కింద మా బోటివాళ్లకు చెమటలు పట్టడానికి ఎండాకాలమే అక్కర్లేదు. ఆసుపత్రి తరఫున డాక్టరమ్మ, ఫైళ్ల సంచితో నేను వెళ్లాం.

మధ్యాహ్నం దాటాక తనిఖీ అమ్మాయి ఒకామె మైకులో చదివింది. ఫలానా ఊరి కాపరికి సదరంలో ముప్పై అయిదు శాతం రాశారు, పింఛను నిరాకరించారు. ఆ మనిషి మూడు నెలలుగా మంచం దిగలేదు. పట్నంలో పెద్ద దవాఖానలో చూపిస్తే వెన్నెముకలో క్యాన్సరని, ఇంటికి తీసుకుపోయి మంచిగా చూసుకోమని చెప్పారు. ఇంట్లో భార్యాభర్తలు ఇద్దరే. ఆమె పొద్దున్నే ఇతరుల మంద వెంట కూలికి పోవాలి. పొద్దుగూకేదాకా ఆయన ఒక్కడే.

జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు అడిగాడు: "దీనికి బాధ్యులెవరు?"

పంచాయతీ కార్యదర్శి ఆన్‌లైన్లో తిరస్కరించారన్నాడు. ఆన్‌లైన్ ఆపరేటరు ఆసుపత్రి శాతం తక్కువ వేసిందన్నాడు. అందరూ మావైపు తిరిగారు. ఫైలు వెతికే నా చేతుల్లో ఆ కాగితమే ముందు తగిలింది. నా గుండ్రటి దస్తూరీ. "కర్ర – వృత్తి నిమిత్తం."

ఆలోగా వెనక వరసలోంచి ఒక ఆడమనిషి లేచి ముందుకు వచ్చింది. ఎండకు కాలిన మొహం, చేతిలో కర్ర. కాపరి భార్య. మైకు ఇస్తే వద్దంది. మైకు లేకుండానే టెంటు చివరిదాకా వినబడింది.

"సారూ, నా పెనిమిటి నడుస్త అని అబద్ధమాడిండు. ఒప్పుకుంట. అప్పుడు గొర్ల సంఘంల సర్కారు గొర్లిచ్చే లిస్టు రాస్తున్నరు. నడువరానోనికి గొర్లెందుకని పేరు కొట్టేస్తరేమోనని భయపడ్డడు. సర్కారోళ్లందరు ఒక్కటే, ఈడ చెప్పింది ఆడికి పోతదనుకున్నడు. గందుకే మేడమ్ ముంగట నిటారుగ నిలవడ్డడు. ఇంటికొచ్చినంక మూడు దినాలు లేవలె."

టెంటులో ఎవరో నవ్వారు. ఆమె అటు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఆయన అబద్ధమాడిండు గని, ఈ కర్ర అబద్ధమాడదు. సూడున్రి. మంద ఎంట తిరిగెటోడు కర్రను మెడ మీద అడ్డం ఏసుకొని, రెండు చేతులు దానిమీద ఏస్తడు. నడుమల నున్నగైతది, కింద కొస అట్లనే ఉంటది. గిది జూడు. నడుమల గరుకుగున్నది. కింద ఒక్కదిక్కే ఏటవాలుగ అరిగింది, పైన అరచెయ్యి పట్టి నల్లగైంది. రెండేండ్ల సంది ఆయన గొర్లు గాస్తలేడు. గీ కర్ర మీద బరువేసి బతుకుతాండు. మీరు దీన్ని బయట పెట్టి రమ్మన్నరట. లోపటికి రానిస్తె అదే చెప్తుండె గద!"

నేను ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు చదివాను. ఒక వస్తువును అంత బాగా చదివిన మనిషిని చూడడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ నా చేతిలోంచి ఫైలు తీసుకుంది. కాగితం చదివింది. నావైపు ఒక్కసారి చూసింది. ఇప్పుడు ఈవిడ వేలు నావైపు చూపిస్తుంది, అంతే, అనుకున్నాను. చూపించినా న్యాయమే. ఆవిడ లేచి నిలబడింది.

"బాధ్యురాల్ని నేను. శాతం వేసింది నేను, సంతకం నాది. మనిషి చెప్పింది విన్న, ఒళ్లు సరిగ చూడలె. రాసుకోండి."

జిల్లా ఆఫీసరు కూడా ఇది ఊహించలేదు. తనిఖీ అమ్మాయి రాయడం ఆపి తల ఎత్తింది. ఆ టెంటు కింద చాలా ఏళ్లుగా చాలా తప్పులు చదివారు. అది నాదేనని ఎవరూ లేచి నిలబడలేదు. నేనప్పుడు లేవాల్సింది. "మేడమ్, ఆ మాట రాసింది నేను, కర్రలు బయట పెట్టించింది నేను" అనడానికి ఒక నిమిషం చాలు. నాకు రిటైర్మెంటు దగ్గర పడుతోంది. సర్వీసులో ఒక్క రిమార్కు లేదు. కుర్చీకి అతుక్కుపోయాను.

డాక్టరమ్మ కాపరి భార్య దగ్గరికి వెళ్లింది. "పెద్దమ్మా, ఈ కర్ర నాకు కావాలె. నా తప్పు నేను దిద్దుకోనీకి రూలు లేదు. పైన అప్పీలు బోర్డున్నది. వాళ్లకు ఇది చూపియ్యాలె."

ఆమె కర్రను దగ్గరికి లాక్కుంది. "మల్ల ఇస్తరా? ఆయన పొయ్యెనాడు ఇది పక్కన ఉండాలె. వాళ్ల తాతకట్లనే పెట్టిన్రు, నాయినకట్లనే పెట్టిన్రు. గా దినం దూరం లేదు."

డాక్టరమ్మ మందుల చీటీ ఒకటి చింపి, వెనకవైపు రాసి, చదివి వినిపించింది. "కర్ర ఒకటి. పరీక్ష నిమిత్తం తీసుకున్నాము. తిరిగి ఇవ్వవలెను." కింద సంతకం. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది.

అక్కణ్ణించి నేరుగా వాళ్ల ఊరికే పోయాం. ఒక్క గది ఇల్లు. మంచం పక్కన చెయ్యి అందేంత దూరంలో నీళ్ల చెంబు, బువ్వ గిన్నె, దాని మీద కోళ్లు ముట్టకుండా రాయి పెట్టిన మూత. పొద్దున్నించి ఆయనకు తోడు అవే. మమ్మల్ని చూడగానే మోచేతుల మీద లేవబోయాడు.

"నడుస్త మేడమ్. రెండు దినాలల్ల లేస్త."

డాక్టరమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. "లేవకు పెద్దయ్యా. లేస్తే ఈసారి గూడ శాతం తగ్గుతది."

ఆయన నవ్వాడు. నవ్వితే నొప్పి వచ్చినట్టుంది, కళ్లు మూసుకున్నాడు. తెరిచి మెల్లగా అడిగాడు: "గొర్ల లిస్టుల నా పేరున్నదా?"

ఆవిడ మాట మీద అక్కడికక్కడే పంచాయతీ కార్యదర్శికి ఫోను చేశాను. పేరు ఉంది. పింఛనుకూ దానికీ సంబంధమే లేదు, మొదటినుంచీ లేదు. ఆ మాట చెబితే ఆయన భార్యవైపు చూసి "నేను అన్న గదా" అన్నాడు. అంతకుముందు ఆమెతో ఏమన్నాడో మాకు తెలియదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో, సగం దారిలో చెప్పేశాను. "మేడమ్, ఆ కర్ర మాట నేను రాసింది."

"తెల్సు. మీ దస్తూరి రోజు సదువుతనే ఉంట."

"మరి అక్కడ చెప్పలేదేం మేడమ్?"

"కింద సంతకం ఎవరిది?"

"మీది."

"మరింకేంది?" అని కిటికీలోంచి బయటికి చూసింది. కాసేపటికి, "వచ్చే క్యాంపు నుంచి కర్రలు లోపటికి రానీయండి. వరండా ఇరుకైతే మన కుర్చీలు తీసేద్దాం" అంది.

అప్పీలు కాగితం ఆవిడే రాసింది. సాధారణంగా రోగి రాస్తాడు, డాక్టరు తప్పు చేశాడని. ఇక్కడ డాక్టరే రాసింది, నేను తప్పు చేశానని. పట్నం దవాఖాన రిపోర్టు జత చేసింది. కర్రకు ఫైలు నంబరు రాసిన అట్ట ముక్క కట్టించి మా అటెండరుతో జిల్లా కేంద్రానికి బస్సులో పంపించింది. కర్ర జతపరచిన ఫైలు ఆ బోర్డు చూడడం అదే మొదలు, బహుశా అదే ఆఖరు. ఆ మనిషికి ఎక్కువ రోజులు లేవు కాబట్టి ఆవిడ వరుస కోసం ఆగలేదు. రోజు విడిచి రోజు ఫోను చేసింది. ఒకసారి సెలవు పెట్టి తనే వెళ్లి ఆ ఆఫీసు బెంచీ మీద రోగుల మధ్య కూర్చుంది. సర్టిఫికెట్టు ఆ నెలలోనే వచ్చింది. దాన్ని ఇంటికి తీసుకుపోయి ఇచ్చింది నేను.

పింఛను మొదలైంది. ఆమె కూలి మంద వెంట పోవడం మానేసింది. ఆ తర్వాత రెండుసార్లు ఆ దారిన పోతూ ఆగాను. మంచాన్ని గుమ్మంలోకి లాగి, పొద్దున్నే ఊరి మందలు పోయేది కనబడేటట్టు వేసింది. ఆయన పడుకునే ఏ జీవం ఎవరిదో, ఏది కుంటుతోందో చెబుతుంటే ఆమె పక్కన కూర్చుని వినేది. ఆ ఇంటికి అంతకంటే పెద్ద విషయమేమీ అక్కర్లేదు. నాలుగు నెలలు అట్లా గడిచాయి.

ఈలోగా డాక్టరమ్మకు పాలమూరు వైపు బదిలీ అయింది. వీడ్కోలు రోజున కూడా చాయ్ తాగలేదు. కర్ర సంగతి మాత్రం గుర్తు చేసింది. "చీటీ ఇచ్చినం. మర్సిపోకండి." నేను మర్చిపోయాను.

ఒక పొద్దున ఫోను వచ్చింది. కాపరి బావమరిది. "సారు, మా బావ తెల్లారంగ పోయిండు. అక్క ఈ చీటీ సదువమంటాంది. కర్ర ఒకటి, తిరిగి ఇవ్వవలెను అని ఉన్నది. కర్ర వచ్చెదాంక లేపొద్దంటాంది."

నేను చెప్పులు వేసుకున్నది కూడా గుర్తులేదు. మొదటి బస్సుకు జిల్లా కేంద్రం పోయాను. బోర్డు ఆఫీసులో ఎవరూ అట్లాంటి కర్ర ఎరగరు. రిజిస్టర్లో లేదు, బీరువాలో లేదు. రికార్డు గదిలో ఒకామె కర్రకు చీపురు కట్టి పైకప్పు బూజు దులుపుతోంది. చీపురు కింద అట్ట ముక్క వేలాడుతోంది, మా ఫైలు నంబరు ఇంకా చెరిగిపోలేదు. చెయ్యి చాపాను. ఆమె నా మొహం చూసి, ఏమీ అడగకుండా చీపురు విప్పి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

వాళ్ల ఊరి బస్సు నిండిపోయి ఉంది. కర్ర పట్టుకుని మెట్టెక్కానో లేదో, కాలేజీకి పోయే ఒక అమ్మాయి లేచింది. "కూసో తాతా."

"నాకు బాగానే ఉంది తల్లీ. ఇది నాది కాదు."

"పర్వాలేదు, కర్ర పట్టుకున్నవ్ గద. కూసో."

కూర్చున్నాను. ఆమె ఏ కాగితమూ నింపలేదు. శాతం అడగలేదు. ఆ సీటులో ఊరు వచ్చేదాకా నేను తల దించుకునే ఉన్నాను. కళ్లల్లో నీళ్లు ఆగలేదు.

నేను పోయేసరికి అంతా సిద్ధం చేసి ఆగి ఉన్నారు. కాపరి భార్య కర్ర తీసుకుంది. ఏడుస్తూనే దాన్ని తలకిందులు చేసి, కింది కొసను బొటనవేలితో తడిమింది. సర్కారు వేరే కర్ర ఏదైనా అంటగడుతుందేమోనని కాబోలు. ఏటవాలు అరుగుదల వేలికి తగిలాక తల ఊపింది. ఆయన కుడి చేతి పక్కన పెట్టింది. గొంగడి సర్దింది.

మట్టి వేసి వచ్చాక నేను ఆమె దగ్గరికి పోయాను. ఇంక దాచుకునే ఓపిక నాకు లేదు. "పెద్దమ్మా, ఆ రోజు కర్ర మాట కాగితంలో రాసింది డాక్టరమ్మ కాదు. నేను."

"ఎరికే సారు. ఆయన చెప్పిండు. సారు నవ్వుకుంట రాసిండన్నడు." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "పోనీ. తెచ్చిచ్చినవ్ గద. మేడమ్‌కు చెప్పు, కర్ర ముట్టిందని."

కొంగు ముడి విప్పి చీటీ నా చేతిలో పెట్టింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. సిరా చెమటకు కొంచెం అలుక్కుంది, కానీ ప్రతి అక్షరం చదవడానికి వస్తోంది.

ఆ సాయంత్రం డాక్టరమ్మకు ఫోను చేసి కర్ర ముట్టిందని చెప్పాను. ఆవిడ "మంచిది" అని పెట్టేసింది. నేను చీటీని బల్ల మీద పరిచాను. ఆవిడ సంతకం పక్కన కొద్దిగా ఖాళీ ఉంది. అక్కడ నా సంతకం పెట్టాను.